మన్ననూరు గేటు దాటినాక

అచ్చంపేట,
వినాయక చవితి మరునాడు.

చిట్టీ, బుజ్జిగా,

దసరా సెలవులకు వస్తున్నారని, ఈసారి శ్రీశైలం దారి అంతా తీరుబాటుగా చూడాలని అనుకుంటున్నారని మీ అమ్మ చెప్పింది. ఫోన్‌లోనే అన్నీ చెప్పేవాణ్ణి గాని, నేను మొదలుపెడితే ఆగను, మధ్యలో మీ అమ్మమ్మ ఫోన్ గుంజుకుంటుంది. అందుకే ఈ ఉత్తరం. ఇంకో కారణం కూడా ఉంది. ఇందులో బండి నడపడం గురించి కొన్ని మాటలున్నాయి. అవి నేను ఎదురుగా కూర్చుని అంటే మామ అల్లుడికి పాఠం చెప్పినట్టు ఉంటుంది. మీరు కారు వెనక సీట్లో కూర్చుని పైకి చదివితే ఎవరికీ ఇబ్బంది ఉండదు.

పోయిన ఏడు ఏమైందో గుర్తుంది కదా. హైదరాబాద్‌లో బయలుదేరడమే ఆలస్యం, మళ్లీ కడ్తాల్‌లో ఒకసారి, కల్వకుర్తిలో ఒకసారి ఆగి, మన్ననూరు చేరేసరికి రాత్రి 9 దాటింది. చెక్‌పోస్టు దగ్గర గేటు వేసేశారు. తెల్లారి 6 దాకా తియ్యరు. కారులోనే పడుకున్నారు మీరు. ‘ఇది జాతీయ రహదారి కదా, రోడ్డుకు గేటేంది?’ అని మీ నాన్న కోపం చేశాడట. ఆ మాట వినడానికి న్యాయంగానే ఉంటుంది. 27 ఏళ్లు ఆ దారిలో బస్సు నడిపినవాడిగా నాకు ఇంకో న్యాయం కనిపిస్తుంది.

మన్ననూరు నుంచి దోమలపెంట దాకా రోడ్డు పోయేది పులుల అడవి నడుమ నుంచి. 1983లో నాగార్జునసాగర్–శ్రీశైలం టైగర్ రిజర్వ్ అని పెట్టారు. రాష్ట్రం విడిపోయాక మన వైపు ముక్క అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ అయింది. 2,600 చదరపు కిలోమీటర్ల పైనే ఉంటుంది. అందులో మనకు ఇచ్చింది ఒక్క తారు గీత. పగలు మనం తిరుగుతాం, రాత్రి వాళ్లు తిరుగుతారు. దుప్పి, అడవిపంది, ఎలుగుబంటి, చిరుత, అన్నీ చీకటి పడ్డాకే రోడ్డు దాటుతాయి. చీకట్లో చూడటానికి వాటి కంటిపాపలు బాగా తెరుచుకుని ఉంటాయి. మన హెడ్‌లైటు ఒక్కసారి పడితే కళ్లు బైర్లు కమ్మి, పారిపోకుండా ఉన్నచోటే బిగుసుకుపోతాయి. డ్రైవరు హారన్ కొడతాడు, అది కదలదు. ‘ఎందుకు కదలదు, తెలివి లేదా?’ అనుకుంటాం. టార్చిలైటు నీ మొహం మీద కొట్టి పరుగెత్తమంటే నువ్వు పరుగెత్తుతావా? గేటు వేసేది అందుకే. ఈసారి పొద్దున్నే బయలుదేరండి.

వచ్చేటప్పుడు డిండి దగ్గర కాసేపు ఆగండి. చెరువు కట్ట మీంచి గాలి బాగుంటుంది. అది నల్లగొండ జిల్లా. అది దాటినాక మళ్లీ మన పాత పాలమూరు. హాజీపూర్ చౌరస్తా నుంచి ఇటు మన ఇల్లు, అటు అడవి. డీజిల్ ఇక్కడే పోయించుకోవాలి. లోపల ఫోన్ సిగ్నల్ కూడా చాలాచోట్ల ఉండదు. చిట్టీ, నువ్వు టెన్షన్ పడకు, గంటా రెండు గంటల సంగతే.

మన్ననూరు దాటినాక ఒక సంగతి గమనించండి. కారు ఏసీ ఆపి, అద్దాలు దించండి. గాలి మారుతుంది. అక్కడి నుంచి పీఠభూమి మీదికి ఎక్కుతున్నాం మనం. ఎత్తుకు పోయేకొద్దీ గాలి పలచబడి చల్లారుతుంది, 1,000 మీటర్లు ఎక్కితే సుమారు 6 డిగ్రీలు తగ్గుతుంది. మనం అంత ఎక్కం గాని, చెట్ల నీడ కూడా తోడయ్యేసరికి అచ్చంపేటకూ అక్కడికీ తేడా చర్మానికే తెలిసిపోతుంది.

దసరా నాటికి అడవి పచ్చగా, దట్టంగా ఉంటుంది. ‘నల్లమల’ అంటే నల్లని కొండలు. ఆ పేరు ఎందుకు వచ్చిందో దూరం నుంచి చూస్తే మీకే తెలుస్తుంది. కానీ ఇదే అడవిని ఫాల్గుణంలో చూస్తే గుర్తుపట్టరు. ఆకు మొత్తం రాలిపోయి, మోదుగ పూలు మాత్రం నిప్పుల్లాగా ఉంటాయి. చెట్లు ఎండిపోయాయని చాలామంది ప్రయాణికులు నాతో అనేవాళ్లు. ఎండిపోవు. ఆకు ఉంటే దాని నుంచి నీళ్లు ఆవిరైపోతాయి. ఎండాకాలం వేరుకు తడి దొరకదు కాబట్టి, చెట్టు ముందుగానే ఆకు విడిచేసి ఊపిరి బిగబట్టి కూర్చుంటుంది. తునికి, ఇప్ప, మొర్రి, నల్లమద్ది, అన్నీ ఇంతే. నల్లమద్ది బెరడు చూడండి, మొసలి వీపులాగా గళ్లు గళ్లుగా ఉంటుంది. కొన్ని మద్దిచెట్లు కాండంలో నీళ్లు దాచుకుంటాయి. ఎక్కడ గాటు పెడితే నీళ్లు వస్తాయో చెంచులకు తెలుసు. రాలిన ఆ ఎండుటాకు మీద ఒక్క బీడీ ముక్క పడితే చాలు, కొండకు కొండ అంటుకుంటుంది. బస్సులో బీడీ ముట్టించిన వాళ్లతో నేను పెట్టుకున్న తగాదాలకు లెక్క లేదు.

బుజ్జిగా, వటవర్లపల్లి దాటినాక ఊరి పేర్లు చదివి నువ్వు నవ్వుతావని నాకు తెలుసు. ఒకటి దోమలపెంట, ఇంకొకటి ఈగలపెంట. పోయినసారి ‘తాతా, పెంట అంటే చెత్త కదా?’ అన్నావు. ఇక్కడ కాదు. చెంచుల గూడేన్ని పెంట అంటారు. అడవి లోపల అప్పాపూర్ పెంట ఉంది, ఇంకా అట్లాంటివి చాలా ఉన్నాయి. మనకంటే ముందు నుంచి అడవిలో ఉంటున్నది వాళ్లే. ఒక చెంచు పెద్దాయన నా బస్సులో తేనె డబ్బా పెట్టుకుని అచ్చంపేట అంగడికి వచ్చేవాడు. కొండ చరియకు పట్టిన తేనెతుట్టె కొయ్యాలంటే పైనుంచి తాడు కట్టుకుని దిగాలట. ‘తాడు ఎవరు పట్టుకుంటారు?’ అని అడిగితే ‘బామ్మర్ది’ అన్నాడు. ఎందుకంటే అక్క బతుకు వాడి చేతిలో ఉంది కదా, వదలడు. ఎంత తెలివో చూడండి! తుట్టె మొత్తం కూడా కొయ్యరట, ఈగలకు కొంత వదిలిపెడతారట. వాళ్ల ఇళ్ల ముందు కారు ఆపి ఫొటోలు తియ్యొద్దు. మన వాకిట్లోకి ఎవరో వచ్చి అమ్మమ్మను ఫొటో తీసి పోతే ఎట్లుంటుంది?

కోతుల సంగతి కూడా చెప్పాలి. రోడ్డు పక్కన వరసగా కూర్చుని ఉంటాయి. మీరు అరటిపండు విసరాలని సరదా పడతారు, జాలిపడి కూడా ఇస్తారు. అది జాలి కాదు. రోడ్డు మీద తిండి దొరుకుతుందని తెలిసినాక అవి చెట్టు ఎక్కడం మానేస్తాయి. తల్లి పిల్లను కడుపుకు కరిపించుకుని చక్రాల మధ్యకు దూకుతుంది. నేనే ఎన్నిసార్లు బ్రేకు మీద నిలబడ్డానో. అడవిలో పండు తిని, గింజ ఇంకోచోట పడేసి చెట్లు మొలిపించే పని కూడా వాటిదే. రోడ్డు మీద బిస్కెట్లు తింటూ కూర్చుంటే ఆ పని ఎవరు చేస్తారు? ప్లాస్టిక్ సీసాలు, కవర్లు అసలే వద్దు. ఇంట్లో స్టీలు చెంబులున్నాయి, అవి తీసుకుపోదాం.

పులిని చూస్తామా అని చిట్టి అడిగిందట. నేను 27 ఏళ్లలో రెండుసార్లు చూశాను, అదీ తోక చివర. ఫరహాబాద్ దగ్గర అటవీశాఖ జీపుల్లో లోపలికి తీసుకుపోతారు. ఫరహాబాద్ అంటే సంతోషం ఉండే చోటు అని అర్థం, నిజాం కాలం నాటి పేరు. కొండ అంచున నిలబడితే కింద మైదానం, చెరువులు, పొలాలు బొమ్మల్లాగా కనిపిస్తాయి. అక్కడ పులి కోసం వెతికితే విసుగొస్తుంది. కొండముచ్చుల్ని చూడండి. అవి పై కొమ్మల్లో ఆకులు తుంచి సగం తిని సగం పారేస్తాయి, కింద దుప్పులు ఏరుకుని తింటాయి. బదులుగా దుప్పి వాసన పట్టి చెబుతుంది, కొండముచ్చు పైనుంచి చూసి అరుస్తుంది. రెండూ ఒక్కసారి అరిచాయంటే పులో చిరుతో దగ్గర్లో ఉన్నట్టే. అప్పుడు మీరు దాన్ని చూడకపోయినా అది మిమ్మల్ని చూస్తూ ఉంటుంది. చెట్లకు కట్టిన కెమెరాలు కూడా కనబడతాయి. పులి చారలు మన వేలిముద్రల్లాగా ఒకదానివి ఇంకోదానికి ఉండవు. ఆ ఫొటోలు పక్కపక్కన పెట్టి ఏ పులి ఏదో లెక్క కడతారు.

మల్లెల తీర్థం జలపాతం కూడా చూద్దాం. మెట్లు వందల్లో ఉన్నాయి. దిగడం అందరూ దిగుతారు, ఎక్కేటప్పుడు మీ అమ్మమ్మ నన్ను తిడుతుంది. నేను పైనే కూర్చుంటాను.

ఇక అసలు సంగతి, ఘాటు రోడ్డు. దోమలపెంట తర్వాత డ్యామ్ దాకా దిగుడే, మలుపు మీద మలుపు. బుజ్జిగాడికి వాంతులు అయ్యేది ఇక్కడే కదా. చెవి లోపల చిన్న గొట్టాల్లో నీళ్లలాంటిది ఉంటుంది. బండి తిరిగితే అది కదిలి, ఒళ్లు తిరుగుతోందని మెదడుకు చెబుతుంది. నీ కళ్లేమో ఫోన్‌లో ఆట చూస్తూ, ఏమీ కదలడం లేదని చెబుతాయి. ఎవరి మాట నమ్మాలో తెలియక మెదడు గాభరా పడుతుంది, కడుపు తిప్పుతుంది. ఫోన్ పక్కన పెట్టి, ముందు రోడ్డు చూస్తే రెండూ ఒకటే మాట చెబుతాయి. నాకు ఒక్కనాడూ వాంతి రాకపోవడానికి కారణం అదే, డ్రైవరు ఎప్పుడూ రోడ్డే చూస్తాడు. కడుపు నిండా తిని ఎక్కొద్దు.

ఇప్పుడు ఇది కొంచెం గట్టిగా చదవండి.

నేను కొత్తగా డ్రైవరైన ఏడు, శివరాత్రి జాతర. బస్సులో సీట్లకు రెండింతల జనం. దోమలపెంట నుంచి దిగుతూ, వేగం తగ్గించడానికి కాలు బ్రేకు మీద పెట్టి తియ్యలేదు. సగం దిగేసరికి కాలిన వాసన. ఇంకో మలుపు తిరిగేసరికి బ్రేకు నొక్కితే పట్టు లేదు. రాపిడికి బ్రేకులు వేడెక్కితే పట్టు పోతుందని చదువుకున్నాను గాని, కాలికి తెలియడం అదే మొదటిసారి. కిందికి చూస్తే కృష్ణ లోయ. గేరు ఒకటొకటిగా తగ్గించి, లోయ వైపు కాకుండా గుట్ట వైపు మట్టికి చక్రాలు రుద్దించి ఆపాను. ఎవరికీ ఏమీ కాలేదు. జనం ‘మల్లన్న కాపాడాడు’ అని దండం పెట్టుకున్నారు. తప్పు మల్లన్నది కాదు, నాది. మా సీనియర్ డ్రైవర్ ఒకాయన మరునాడు డిపోలో నన్ను నిలబెట్టి ఒకటే మాట అన్నాడు, ‘ఏ గేరులో ఎక్కుతావో ఆ గేరులోనే దిగు.’ చిన్న గేరులో ఉంటే ఇంజనే బండిని వెనక్కి పట్టుకుంటుంది, బ్రేకు అవసరానికి మిగులుతుంది. న్యూట్రల్ చేసి దిగితే డీజిల్ మిగులుతుందని కొందరు అంటారు. ఆ మిగిలిన డీజిల్ ఎవరికి?

ఇంకోటి. ఇరుకు దారిలో ఎదురుగా బండి ఎక్కుతుంటే దిగే బండే ఆగి దారివ్వాలి. చట్టంలో కూడా అదే ఉంది. ఎక్కేవాడు ఆగితే మళ్లీ కదలడం కష్టం, వెనక్కి జారుతుంది. దిగేవాడికి ఏం కష్టం? మలుపు ముందు ఒకసారి హారన్ కొట్టాలి, మలుపులో ఓవర్‌టేక్ చెయ్యొద్దు. ఆటోమేటిక్ కారైనా దిగుడుకు గేరు తగ్గించే ఏర్పాటు ఉంటుంది, బయలుదేరే ముందే చూసుకోమని చెప్పండి. అంతే, అల్లుడి పాఠం అయిపోయింది.

దోమలపెంట రాకముందు ఆక్టోపస్ వ్యూ పాయింట్ దగ్గర ఆగుదాం. కృష్ణ నీళ్లు కొండల మధ్యకు కాళ్లు చాచినట్టు కనిపిస్తాయి. అది నది సొంత ఆకారం కాదు. కింద డ్యామ్ కట్టాక నీళ్లు వెనక్కి తన్ని, వాగులు వచ్చే లోయలన్నిటిలోకీ ఎక్కాయి. 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిన డ్యామ్ అది, 12 గేట్లు. వానాకాలం వాటిని ఎత్తితే జనం ఎగబడి చూస్తారు, నేనూ బస్సు పక్కకు ఆపి చూసినవాణ్ణే. కానీ ఆ నీళ్ల కింద మన పాలమూరు పల్లెలు చాలా ఉన్నాయి. కొన్ని గుళ్లను రాయి రాయి విప్పి తెచ్చి ఒడ్డున మళ్లీ కట్టారు. అలంపురంలో కూడలి సంగమేశ్వరం అట్లా వచ్చిందే. మనుషుల ఇళ్లను అట్లా విప్పి తెచ్చినవాళ్లు లేరు. నా బస్సులో ఒక ముసలమ్మ ఆ మలుపు రాగానే కిటికీ వైపు తిరిగి చెయ్యి చాపి, ‘అగో, ఆడ మా చింతచెట్టు’ అనేది. నాకు నీళ్లే కనిపించేవి. అయినా ఆ మలుపులో కొంచెం నెమ్మదిగా పోనిచ్చేవాణ్ణి.

తిరిగి వచ్చేటప్పుడు ఉమామహేశ్వరం పోదాం. శ్రీశైలానికి ఉత్తర ద్వారం అంటారు, మన అచ్చంపేటకు దగ్గరే. పెద్ద బండ కింద గుడి, ఎండాకాలంలో కూడా బండ సందుల్లోంచి నీటి చుక్కలు రాలుతుంటాయి. వాన నీరు కొండ పగుళ్లలో ఇంకి, నెలల తరబడి మెల్లగా దిగుతూ ఉంటుంది. నిరుడు పడ్డ వాన కూడా అందులో ఉండొచ్చు. బుజ్జిగా, దోసిలి పట్టి ఎన్ని చుక్కలకు నిండుతుందో లెక్కపెట్టు. నేను చిన్నప్పుడు మొదలుపెట్టి మధ్యలో మరిచిపోయాను.

మీ అమ్మమ్మ సర్వపిండి చేసి పెడతానంటోంది. ఘాటు దిగినాకే తినాలి అని చెప్పాను, వినేట్టు లేదు. తలా ఒక స్వెట్టర్, చిట్టికి నా పాత బైనాక్యులర్. బుజ్జిగాడికి ముందు సీటు, పక్కన నేను.

మీ తాత