తెలియని చోట దేవుణ్ణి దాచకండి

ప్రియమైన పిల్లలకు,

ప్రభువు నామంలో శుభాలు. మీ ఉత్తరం అందింది. "బిగ్ బ్యాంగ్ ఉంది, పరిణామం ఉంది, ఇక దేవుడు చేసిన పనేముంది అని క్లాసులో అడిగితే నోట మాట రాలేదు తాతయ్యా" అని రాశారు. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. నోట మాట వచ్చి తప్పు చెప్పినవాణ్ణి నేను. ముందు ఆ సంగతి వినండి.

పాతికేళ్ల వయసులో సండే స్కూల్లో పాఠాలు చెప్పేవాణ్ణి. "కన్ను కొంచెం కొంచెంగా తయారవడం అసాధ్యం, సగం కన్ను ఎందుకు పనికొస్తుంది, కాబట్టి దేవుడున్నాడు" అని ఒకరోజు బల్లగుద్ది చెప్పాను. తర్వాతి ఆదివారం ఒక కుర్రాడు జీవశాస్త్రం పుస్తకం పట్టుకొచ్చాడు. వెలుగుకీ చీకటికీ తేడా మాత్రమే తెలిసే చిన్న మచ్చ, గుంటలాంటి కన్ను, నాటిలస్ అనే సముద్రజీవికి ఉండే సన్నని రంధ్రం లాంటి కన్ను, చివరికి కటకం ఉన్న కన్ను. ఇవన్నీ ఇవాళ బతికున్న జీవుల్లోనే ఉన్నాయని బొమ్మలతో సహా చూపించాడు. నా దగ్గర జవాబు లేదు. కోప్పడ్డాను. వాడు మళ్లీ రాలేదు. తప్పు ఆ పుస్తకానిది కాదు, నేను వేసిన పునాదిది.

ఈ పొరపాటు నాలాంటి వాళ్లే కాదు, న్యూటన్ కూడా చేశాడు. గ్రహాలు ఒకదాన్నొకటి లాక్కోవడం వల్ల కక్ష్యలు క్రమంగా చెదిరిపోతాయనీ, దేవుడు వాటిని అప్పుడప్పుడు సరిచేస్తాడనీ ఆయన అనుకున్నాడు. తర్వాత 18వ శతాబ్దం చివర్లో ఫ్రెంచి గణితవేత్త లాప్లాస్ లెక్కలు వేసి, గురు శని గ్రహాల గతుల్లో కనిపించే తేడాలు కాలక్రమంలో వాటంతటవే సర్దుకుంటాయని చూపించాడు. సైన్సుకి తెలియని సందులో దేవుణ్ణి కూర్చోబెడితే, ఆ సందు మూసుకుపోయినప్పుడల్లా ఆయన్ని లేపి ఇంకో సందు వెతకాలి. 1955లో చార్లెస్ కౌల్సన్ ఈ మాట గట్టిగా చెప్పాడు. దేవుడుంటే ప్రకృతి అంతటా ఉండాలి, లేకపోతే అసలు లేనట్టే అన్నాడు. ఆయన ఆక్స్‌ఫర్డ్‌లో గణిత ప్రొఫెసరు, మెథడిస్టు విశ్వాసి. అంటే ఇది నాస్తికుడి ఎత్తిపొడుపు కాదు, మనవాళ్లు మనకే చేసిన హెచ్చరిక.

139వ కీర్తన తీసి చూడండి. తల్లి గర్భంలో నన్ను నిర్మించింది నువ్వే అంటాడు కీర్తనకారుడు. పిండం ఎలా పెరుగుతుందో ఇవాళ డాక్టర్లు వారం వారం చెప్పగలరు. అది తెలిసిందని ఏ విశ్వాసీ ఆ కీర్తన పాడడం మానలేదు. ఒక బిడ్డ విషయంలో కణ విభజనా నిజమే, దేవుని చెయ్యీ నిజమే అని ఒప్పుకున్నవాళ్లం, జీవకోటి మొత్తం దగ్గరికొచ్చేసరికి రెండిట్లో ఒకటే ఎంచుకోవాలని ఎందుకు కంగారుపడతామో నాకు అర్థం కాదు.

మన సంఘాల్లోనే ఇది ఒప్పుకోనివాళ్లున్నారు. ఆదికాండంలో సృష్టికి పట్టిందని చెప్పిన ఆరు దినాలంటే ఆరు రోజులే, భూమి వయసు కొన్ని వేల ఏళ్లే అంటారు. వాళ్లకి వాక్యం మీదున్న గౌరవాన్ని నేను తక్కువ చెయ్యను. కానీ భూమి వయసు సుమారు 454 కోట్ల ఏళ్లని రాళ్లు చెబుతున్నాయి. ఆ రాళ్లను చేసినవాడు మనల్ని మోసం చెయ్యడానికి చేశాడని నేననుకోను. ఐదో శతాబ్దం మొదట్లోనే క్రైస్తవ బిషప్ అగస్టీన్ ఆ దినాలు మనకు తెలిసిన మామూలు రోజులు కాకపోవచ్చని రాశాడు. నక్షత్రాల గురించి అన్యులకు బాగా తెలిసిన సంగతుల్లో క్రైస్తవులు వాక్యం పేరు చెప్పి తెలివితక్కువగా మాట్లాడితే సువార్తకే నవ్వులపాటు అనీ అన్నాడు. డార్విన్‌కి పద్నాలుగు వందల ఏళ్ల ముందు!

ఇక బిగ్ బ్యాంగ్. దాన్ని మనమీదికి రాయిలా విసిరేవాళ్లకు ఒక సంగతి తెలిసుండకపోవచ్చు. ఆ ఆలోచనకు మూలపురుషుడు జార్జ్ లెమైత్ర, బెల్జియం దేశపు కాథలిక్ ఫాదర్. విశ్వం విస్తరిస్తోందని 1927లో, అదంతా ఒక ఆదిమ పరమాణువు నుంచి మొదలై ఉండొచ్చని 1931లో రాశాడు. 'బిగ్ బ్యాంగ్' అనే పేరు పెట్టింది మాత్రం 1949లో ఒక రేడియో ప్రసంగంలో ఫ్రెడ్ హాయిల్ అనే ఇంగ్లీషు ఖగోళ శాస్త్రవేత్త. ఆయన ఆ సిద్ధాంతాన్ని ఒప్పుకోలేదు, విశ్వానికి మొదలే లేదన్నాడు. 1965లో ఆకాశం నలుమూలల నుంచీ వచ్చే సూక్ష్మతరంగాల వార్త, అంటే విశ్వం తొలినాళ్ల వేడికి మిగిలిన ఆనవాలు, బయటికొచ్చాక లెమైత్ర వైపే మొగ్గు పెరిగింది.

ఇది చదవగానే "చూశారా, ఆదికాండమే గెలిచింది" అనాలనిపిస్తుంది. 1951లో పోప్ పన్నెండో పయస్ దాదాపు అలాగే మాట్లాడారు. లెమైత్రకు అది నచ్చలేదు. తన సిద్ధాంతం మతపరమైన ప్రశ్నల జోలికే పోదని తర్వాత రాశాడు కూడా. రేపు లెక్కలు మారి విశ్వానికి మొదలు లేదని తేలితే? అప్పుడూ మనకు టెన్షన్ అక్కర్లేదు. విశ్వానికి మొదలుందని తర్కంతో నిరూపించలేమని పదమూడో శతాబ్దంలోనే క్రైస్తవ వేదాంతి థామస్ అక్వినాస్ అన్నాడు. సృష్టి అంటే ఎప్పుడో ఒకసారి జరిగిపోయిన పని మాత్రమే కాదు, ఉన్నవన్నీ ఈ క్షణం కూడా దేవుని మీద ఆధారపడి ఉండడం అన్నది ఆయన భావం.

2010లో స్టీఫెన్ హాకింగ్ ఒక పుస్తకంలో, గురుత్వాకర్షణ లాంటి నియమం ఉంది కాబట్టి విశ్వం శూన్యం నుంచి తనను తానే సృష్టించుకోగలదని రాశాడు. నియమం ఉందంటే అది శూన్యమెలా అవుతుందని గణితవేత్త జాన్ లెనాక్స్ లాంటి క్రైస్తవులు అడిగారు. నేనైతే పద్యంతో చెబుతాను. ఉత్పలమాలకు భ ర న భ భ ర వ అనే గణాలు ఉండాలి. ఆ నియమం ఎన్ని పద్యాలు రాసింది? ఒక్కటీ లేదు. అయితే దీనికి అవతలివాళ్లకూ జవాబుంది: "మరి దేవుణ్ణెవరు చేశారు? ఆయన కారణం లేకుండా ఉండగా లేనిది విశ్వం ఉండకూడదా?" దేవుడు విశ్వంలో ఒక పెద్ద వస్తువు కాదు, ఉండడానికి ఇంకొకరి మీద ఆధారపడనివాడినే దేవుడంటున్నాం అని మనవాళ్లు అంటారు. నాకది సబబుగా తోస్తుంది. అవతలివాళ్ల నోరు మూయిస్తుందని మాత్రం చెప్పను.

నన్ను నిజంగా నిద్రపోనివ్వని ప్రశ్న వేరే ఉంది. డార్విన్ 1860లో ఆసా గ్రేకి ఒక ఉత్తరం రాశాడు. గ్రే హార్వర్డ్ వృక్షశాస్త్రజ్ఞుడు, క్రైస్తవుడు, అమెరికాలో డార్విన్ తరఫున వాదించినవాడు. గొంగళిపురుగు బతికుండగానే దాని లోపల తింటూ పెరిగే కందిరీగ జాతులున్నాయి, దయగల దేవుడు కావాలని వాటిని అలా చేశాడని నమ్మలేకపోతున్నానన్నాడు డార్విన్. ఇదంతా ఆదాము పాపం వల్లేనంటే, మనిషి రాకముందు కోట్ల ఏళ్లుగా జీవులు జీవుల్ని తింటూనే ఉన్నాయి. లోకానికి తనంతట తాను ఎదిగే స్వేచ్ఛ దేవుడు ఇచ్చాడని కొందరంటారు. సృష్టి అంతా ప్రసవవేదన పడుతోందని పౌలు రోమీయులకు రాశాడు. సృష్టికర్తే సిలువ మీద ఆ బాధలోకి వచ్చాడని నేను నమ్ముతాను. కానీ పిల్లలూ, అది నా నమ్మకం, కందిరీగకు సంజాయిషీ కాదు. ఈ ప్రశ్న అడిగిన స్నేహితుడికి తొందరపడి జవాబు చెప్పకండి.

ఆ కుర్రాడు తన పుస్తకం నా బల్లమీదే వదిలేసి వెళ్లాడు. ఇంకా నా దగ్గరే ఉంది. సెలవులకు వచ్చినప్పుడు కళ్ల బొమ్మలున్న పేజీ చూపిస్తాను.

మీ తాతయ్య