వీసీ కుర్చీ దాకా వెళ్లిన మనస్తత్వ శాస్త్రం హాస్టల్‌కు ఎందుకు రాలేదు?

వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో కనీసం ఒక కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో ఉండాలని 2025 జూలైలో సుప్రీంకోర్టు చెప్పింది. విశాఖలో నీట్‌కు చదువుతున్న ఒక అమ్మాయి మరణంపై నడిచిన కేసులో వచ్చిన ఆదేశమది. నల్లగొండ, పాలమూరు కాలేజీల్లో ఇప్పుడు దీని మీదే చర్చ జరగాలి. ఇంత ఆలస్యం ఎందుకైందో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

మనస్తత్వ శాస్త్రం నుంచి వచ్చి విశ్వవిద్యాలయాన్ని నడిపిన తెలుగువారిలో ముందు గుర్తొచ్చే పేరు కోనేరు రామకృష్ణారావు. 1932లో పుట్టారు. ఆంధ్రా యూనివర్సిటీలో తత్వశాస్త్రం చదివి, అమెరికాలో పరామనస్తత్వ పరిశోధకుడు జె.బి. రైన్ దగ్గర పరిశోధన చేశారు. తిరిగొచ్చి 1960ల్లో ఆంధ్రా యూనివర్సిటీలో మనస్తత్వ, పరామనస్తత్వ శాస్త్రాల విభాగాన్ని నెలకొల్పారు. పరామనస్తత్వ శాస్త్రమంటే టెలిపతీ, అంటే మాటా సైగా లేకుండా ఒకరి మనసులోది మరొకరికి తెలియడం, లాంటి వాటి అధ్యయనం. వాటిపై ఆయన పరిశోధనను చాలామంది శాస్త్రవేత్తలు ఒప్పుకోలేదు. వాళ్ల అభ్యంతరంలో న్యాయముందనే అనుకుంటాను. అయినా మనసు గురించిన చదువుకు యూనివర్సిటీలో చోటు కోసం ఆయన పడ్డ శ్రమ చిన్నది కాదు. 1980ల్లో అక్కడే వైస్ ఛాన్సలర్ అయ్యారు. ఆ తర్వాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఉన్నత విద్యామండలికి తొలి చైర్మన్. 2011లో పద్మశ్రీ వచ్చింది, 2021లో కన్నుమూశారు.

మండలి పేరు మన జిల్లాల్లో ఇంటింటికీ తెలిసింది ఎంసెట్ వల్లే. ర్యాంకులకు, సీట్లకు ఒక పద్ధతి ఏర్పడింది. ర్యాంకు రాని పిల్లలను కూర్చోబెట్టి మాట్లాడే మనిషి కోసం మాత్రం పోస్టు పుట్టలేదు. ఆ తప్పు ఏ ఒక్కరిదో అనలేం. పైన ఎవరున్నా, కింద ఉద్యోగం, దానికి జీతం మంజూరు కాకపోతే పని జరగదు.

నల్లగొండ యూనివర్సిటీ 2007లో, పాలమూరు యూనివర్సిటీ 2008లో వచ్చాయి. దేవరకొండ తండాల నుంచి, అచ్చంపేట వైపు నుంచి ఇంట్లో మొదటిసారి పీజీ దాకా వచ్చిన పిల్లలు వీటిలో చేరారు. వాళ్ల టెన్షన్ వేరు. ఇంటికి ఫోన్ చేసి ‘బాగనే ఉన్న’ అంటారు, మెస్‌కు మాత్రం రారు. వరుసగా రెండు పూటలు కంచం ముట్టని పిల్లను ముందు గమనించేది రూమ్మేటు, తర్వాత వంటమనిషి. వార్డెన్‌కు తెలిసేసరికి ‘ఇంటికి పోయి నాలుగు రోజులు ఉండి రామ్మా’ అనే సలహా తప్ప మరేం మిగలదు. ఆయనకు ఆ శిక్షణ ఎవరిచ్చారు? మనసు గురించి పాఠం బీఎడ్‌లో ఉంది, పరీక్ష రాయడానికి.

అందుకే కోర్టు మాటను నోటీసు బోర్డుకు అంటించి ఊరుకోకూడదు. అర్హత ఉన్న మనిషిని తీసుకోవాలి, తలుపు వేసుకుని మాట్లాడే గది ఇవ్వాలి, విన్నది బయటికి పొక్కదన్న హామీ ఇవ్వాలి. ఆ లోపు ఎవరికైనా అవసరం పడితే మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416 ఉంది. తెలుగులోనే మాట్లాడొచ్చు, ఏ వేళైనా.