ఆన్‌లైన్ లోకాలు టేబుల్ మీదికి ఎలా వచ్చాయి?

రాక్షసుడు ఎవరి మీద పడాలి? టేబుల్ చుట్టూ కూర్చుని, తలా ఒక పాత్ర వేస్తూ ఆడే రోల్‌ప్లేయింగ్ గేమ్‌లో ఆ సంగతి కథ నడిపే గేమ్ మాస్టర్ చూసుకుంటాడు. కంప్యూటర్‌లో అలా చూసుకునే మనిషి ఉండడు. ఆన్‌లైన్ గేమ్‌ల లోకాలను టేబుల్ మీదికి తేవడంలో పెద్ద చిక్కు ఇదే.

ఈ ఆటలన్నిటికీ పుట్టిల్లు 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన డంజియన్స్ అండ్ డ్రాగన్స్ (డీ అండ్ డీ). 1990ల మొదట్లో కోపెన్‌హాగన్ యూనివర్సిటీ విద్యార్థులు చేసిన డికూమడ్ అనే గేమ్, ఆ పద్ధతినే నెట్‌వర్క్ మీదికి ఎక్కించింది. అందులో బొమ్మలుండవు, అంతా అక్షరాలే. 1999 నాటి ఆన్‌లైన్ గేమ్ ఎవర్‌క్వెస్ట్ బొమ్మలు పెట్టినా, ఆడే పద్ధతిలో అదే దారిలో నడిచింది.

మనిషి లేనిచోట లెక్క కావాలి. అలా వచ్చిందే ‘అగ్రో’. ఎవరు గట్టిగా కొట్టారు, ఎవరు తోటివాళ్ల గాయాలు ఎక్కువ మాన్పారు (హీల్ చేశారు) అని కూడుకుని రాక్షసుడు వాళ్ల వెంటపడతాడు. ఆ కోపాన్ని తన మీదికి లాక్కుని, గాయాలు మాన్పే హీలర్‌ను కాపాడటం ట్యాంక్ అనే పాత్ర పని.

2000లో డీ అండ్ డీ ప్రచురించే విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్, ఇరవై ముఖాల పాచికతో నడిచే దాని డీ20 రూల్స్‌ను ఓపెన్ గేమ్ లైసెన్స్ కింద అందరికీ ఇచ్చింది. దాంతో 2002లో ఎవర్‌క్వెస్ట్, 2005లో ఇంకో ఆన్‌లైన్ గేమ్ వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ టేబుల్ మీద ఆడే రూల్ పుస్తకాలుగా వచ్చాయి. లోకం ఆ ఆన్‌లైన్ గేమ్‌లదే, నడిపే రూల్స్ మాత్రం డీ అండ్ డీవి.

2008లో డీ అండ్ డీ నాలుగో ఎడిషన్ ‘మార్క్’ తెచ్చింది. ఫైటర్ అనే పాత్ర మార్క్ చేసిన శత్రువు అతన్ని వదిలి ఇంకొకరిని కొడితే, ఆ దెబ్బ తగులుతుందో లేదో తేల్చే పాచిక లెక్కలో 2 తగ్గిస్తారు. ఇది ఆన్‌లైన్ గేమ్ అయిపోయిందని చాలామంది గొడవ పెట్టారు. ఆ మాట అన్యాయమని నా అభిప్రాయం. అగ్రో రాక్షసుడి తరఫున తనే నిర్ణయిస్తుంది. మార్క్ నిర్ణయాన్ని గేమ్ మాస్టర్ చేతిలోనే ఉంచి, దానికో ఖరీదు పెడుతుంది. ఆన్‌లైన్ పద్ధతిని టేబుల్‌కు తగ్గట్టు మలచడమంటే ఇదే.

2024లో స్క్వేర్ ఎనిక్స్ కంపెనీ తన ఆన్‌లైన్ గేమ్ ఫైనల్ ఫాంటసీ 14కు టేబుల్ మీద ఆడే స్టార్టర్ సెట్ తెచ్చింది. అందులోనూ ట్యాంక్, హీలర్ పాత్రలున్నాయి. పోరాటం సంగతి సరే, నాకు ఆశ ఉన్నది ఇంకోచోట. ఆన్‌లైన్‌లో చంపిన బాస్, అంటే పెద్ద శత్రువు, తర్వాతి గుంపు కోసం మళ్లీ లేస్తాడు, వేలమందికి వంతు రావాలి కాబట్టి తప్పదు. టేబుల్ దగ్గర ఆడేది నలుగురైదుగురే. అక్కడ రాజును చంపితే సింహాసనం కోసం కొట్లాట మొదలవ్వాలి, పొరుగు రాజ్యం సైన్యాన్ని కదపాలి. ఇలాంటి పుస్తకాల్లో నేను ముందుగా వెతికేది ఆ పేజీలనే.