హేడ్రియన్ గోడ: అడుగడుగునా ద్వారాలున్న సరిహద్దు

క్రీ.శ. 122లో, అంటే దక్కనును శాతవాహనులు ఏలుతున్న కాలంలో, రోమన్ చక్రవర్తి హేడ్రియన్ బ్రిటన్‌కు వచ్చాడు. ఆయనకు ముందు పాలించిన ట్రాజన్ సామ్రాజ్యాన్ని డేసియా (నేటి రొమేనియా ప్రాంతం), మెసపొటేమియా (నేటి ఇరాక్ ప్రాంతం)ల దాకా విస్తరింపజేయగా, హేడ్రియన్ మెసపొటేమియాను వదులుకొని, చేతిలో ఉన్న భూభాగానికి గట్టి హద్దులు ఏర్పరచడమే మేలని నిర్ణయించాడు. ఆ నిర్ణయానికి నిలువెత్తు రూపమే ఉత్తర ఇంగ్లండులో, తూర్పున టైన్ నది నుంచి పడమట సాల్వే అఖాతం వరకు 117 కిలోమీటర్ల పొడవున సాగే గోడ.

రోమన్లను, అనాగరికులను వేరుచేయడానికే దీన్ని కట్టించాడని హేడ్రియన్ జీవితచరిత్ర రాసిన ఒక ప్రాచీన రచయిత చెప్పాడు. ఆ ఒక్క మాటను పట్టుకొని, దీన్ని శత్రువులు దాటిరాని కోటగోడగా చాలామంది ఊహించుకుంటారు. గోడ నిర్మాణాన్ని పరిశీలిస్తే మాత్రం వేరే సంగతి తెలుస్తుంది. ప్రతి రోమన్ మైలుకు, అంటే దాదాపు 1.5 కిలోమీటర్లకు ఒక చిన్న కోట ఉండేది; దీన్నే మైలుకోట అంటారు. దానికి ఉత్తరాన ఒకటి, దక్షిణాన ఒకటి ద్వారాలుండేవి. రాకపోకలను పూర్తిగా ఆపడమే ఉద్దేశమైతే ఇన్ని ద్వారాలు పెట్టవలసిన పని లేదు. మనుషులు, పశువులు, సరుకులు సైనికుల కళ్లెదుటే, వారి అనుమతితోనే దాటేలా చూడడం ఈ గోడ చేసిన అసలు పని అని నాకు అనిపిస్తుంది. ఆ ప్రణాళికను ఎంత పట్టుదలగా అమలు చేశారంటే, కొండ అంచున కట్టిన 37వ మైలుకోటకు సైతం ఉత్తర ద్వారం పెట్టారు. దాని బయట ఉన్నది నిటారైన వాలు.

బ్రిటన్ గవర్నరు ప్లటోరియస్ నెపోస్ హయాంలో మూడు లీజియన్ల (రోమన్ సైన్యంలోని పెద్ద దళాల) సైనికులే స్వయంగా రాళ్లు కొట్టి, సున్నం కాల్చి ఈ గోడను కట్టారు. తూర్పు భాగాన్ని రాతితోను, పడమటి భాగాన్ని మొదట పచ్చిక పెళ్లలతోను లేపారు. పది రోమన్ అడుగుల మందానికి పునాది వేశాక మనసు మార్చుకొని పైన గోడ మందం తగ్గించడంతో, వెడల్పాటి పునాది మీద సన్నని గోడ నిలిచిన చోట్లు నేటికీ కనిపిస్తాయి. పని నడుస్తుండగానే, అంతకుముందు గోడకు వెనుకనున్న పెద్ద కోటలను గోడ వరుసలోకే తెచ్చారు. దక్షిణం వైపున ఇరుపక్కలా మట్టికట్టలతో లోతైన కందకం తవ్వారు. వెనుక వైపు కూడా కందకం అవసరమైందంటే, సైనిక ప్రాంతంలోకి దక్షిణం నుంచి వచ్చేవారిపైనా నిఘా పెట్టారన్నమాట.

గోడను కాపలా కాసినవారిలో ఇటలీవారు తక్కువ. సిరియా విలుకాండ్రు, రైన్ తీరపు బటావియన్లు, టైగ్రిస్ నది పడవవాళ్లు ఈ చలి ప్రాంతంలో కొలువు చేశారు. తూర్పు కొసన సౌత్ షీల్డ్స్‌లో దొరికిన ఒక సమాధిశిల వీరి జీవితాన్ని మన కళ్ల ముందుంచుతుంది. దాని మీద రెగీనా అనే స్త్రీ అల్లిక కుర్చీలో కూర్చుని ఉంది. ఒడిలో ఉన్ని వడికే కదురు, ఒక పక్క నగలపెట్టె, మరో పక్క ఉన్ని ఉండల బుట్ట. ఆమె దక్షిణ బ్రిటన్‌కు చెందిన కటువెల్లౌని తెగ స్త్రీ, ఒకప్పుడు బానిస. ఆమెకు విముక్తినిచ్చి పెళ్లాడిన బరాతెస్ సిరియాలోని పల్మైరా నుంచి వచ్చినవాడు. ముప్పై ఏళ్లకే ఆమె చనిపోతే శిలపై లాటిన్‌లో వివరాలు చెక్కించి, అడుగున తన సొంత లిపిలో ఒక్క వాక్యం చేర్చాడు: "బరాతెస్ విడిపించిన రెగీనా, అయ్యో!" చుట్టుపక్కల ఆ లిపి చదవగలిగినవారు ఎందరో ఉండి ఉండరు. సామ్రాజ్యం అనే మాటకు ఇంతకంటే స్పష్టమైన సాక్ష్యం నేనెరుగను.

హేడ్రియన్ మరణించాక, 142 ప్రాంతంలో ఆయన తరువాతి చక్రవర్తి ఆంటొనినస్ పయస్ మరింత ఉత్తరాన, నేటి స్కాట్లాండులో, పచ్చిక పెళ్లలతో మరో గోడ కట్టించాడు. రెండు దశాబ్దాలు గడిచేసరికి సేనలు దాన్ని వదిలి పాత గోడకే తిరిగివచ్చాయి. 410 ప్రాంతంలో బ్రిటన్‌పై రోమన్ పాలన ముగిసింది. ఆ తరువాత గోడ రాళ్లు చర్చీలకు, పొలం గట్లకు తరలిపోయాయి. బ్రిటన్ రాజుపై 1745లో జరిగిన జాకొబైట్ తిరుగుబాటు అనంతరం వేసిన సైనిక రహదారి కింద మైళ్ల కొద్దీ గోడ కనుమరుగైంది. నడిమి కొండల మీద ఈనాడు మనం చూడగలుగుతున్న భాగం చాలావరకు 19వ శతాబ్దంలో న్యూకాజిల్ న్యాయవాది జాన్ క్లేటన్ చలవే. రాళ్లు తరలిపోకుండా ఆయన గోడ వెంబడి పొలాలను ఒక్కొక్కటిగా కొని, పడిపోయిన వరుసలను తిరిగి పేర్పించాడు.