గోడ క్యాలెండర్ మీద పెన్సిల్ చుక్కలు

విశాఖ ఎంవీపీ కాలనీలో మా పిన్ని ఇంట్లో, వంటింటి గోడకు ఒక క్యాలెండర్ ఉంటుంది. గ్యాస్ బండ మార్చిన తేదీ, పాలు రాని రోజులు పిన్ని దాని మీదే రాసుకుంటుంది. ఈమధ్య చూస్తే ప్రతి నెలా వరసగా ఐదారు పెన్సిల్ చుక్కలు. కొన్నిటి పక్కన సన్నటి రాత: ‘సెలవు’, ‘పెళ్లికి వెళ్లలేదు’, ‘ఎన్‌ఏడీ దగ్గర బస్సు దిగిపోయాను’. రాసింది పిన్ని కూతురు. గాజువాకలో ఉద్యోగం తనకి, ఎన్‌ఏడీ దారిలో వచ్చే కూడలి. “నెలనెలా అదే కడుపునొప్పి గురించి ఎవరికని చెప్పనక్కా? చెప్పాలంటే నాకే సిగ్గుగా ఉంటోంది” అంది.

స్కానింగ్‌లో చాక్లెట్ సిస్ట్ ఉందన్నారు. అండాశయంలో పాత రక్తం చిక్కబడి గోధుమరంగుకు తిరిగిన తిత్తి అది. జబ్బు పేరు ఎండోమెట్రియోసిస్. గర్భాశయం లోపలి పొరలాంటి కణజాలం బయట, అంటే అండాశయాల మీద, పేగుల మీద, మూత్రాశయం మీద పెరుగుతుంది. నెలసరి హార్మోన్లకు అది కూడా స్పందిస్తుంది. చుట్టూ వాపు వస్తుంది, అవయవాలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన పిల్లలు పుట్టే వయసు స్త్రీలలో దాదాపు 10 శాతం మందికి, అంటే సుమారు 19 కోట్ల మందికి ఇది ఉంది. అయినా జబ్బు ఇదని తేలడానికి చాలామందికి ఏళ్లు పడుతుంది. ఈలోగా వినిపించేది ఒకటే మాట: “పెళ్లయితే అదే తగ్గిపోతుంది.” తగ్గిపోతుందన్న భరోసా ఏమీ లేదు. పిల్లలు పుట్టడమూ దీనికి మందు కాదు.

నొప్పి మనసును ఎలా పట్టుకుంటుందో కాస్త వివరంగా చెప్పాలి. ఆ కణజాలంలోకి కొత్త నరాల పోగులు పాకుతాయి. వాపు పుట్టించే రసాయనాలు వాటిని రెచ్చగొడుతూ ఉంటాయి. ఏళ్ల తరబడి ఆ కబుర్లు అందుకుని అందుకుని వెన్నుపాము, మెదడు అతి సున్నితంగా తయారవుతాయి. అప్పుడు చిన్న తాకిడి కూడా పెద్ద నొప్పిగా తెలుస్తుంది. నిద్ర చెడితే ఈ సున్నితత్వం ఇంకా పెరుగుతుంది, దిగులూ ఆందోళనా తోడైతే మరింత పెరుగుతుంది. అందుకే కొందరికి ఆపరేషన్‌లో కణజాలం తీసేసినా నొప్పి మిగిలిపోతుంది. ఈ జబ్బును నాలుగు దశలుగా విడగొడతారు గానీ, దశకూ బాధకూ పొంతన ఉండదు. మొదటి దశలోనే మంచం పట్టేవాళ్లున్నారు, నాలుగో దశలో ఏ నొప్పీ తెలియనివాళ్లూ ఉన్నారు.

కుంగుబాటు, ఆందోళన ఈ స్త్రీలలో ఎక్కువని పరిశోధనలు చెబుతున్నాయి. ముఖ్యంగా ఎడతెగని నొప్పి ఉన్నవాళ్లలో. దీన్ని తలకిందులు చేసి “నీ నొప్పంతా మనసులోదే” అనేవాళ్లను చూస్తే నాకు కడుపు రగిలిపోతుంది. మా చెల్లి మానసిక వైద్యుల దగ్గరికి రానన్నది కూడా ఆ మాటకు భయపడే. చినవాల్తేరులోని మానసిక ఆసుపత్రి ఊసెత్తితేనే మన ఊళ్లో చాలామంది మొహాలు మారిపోతాయి కదా. మనసుకు వైద్యం తీసుకున్నంత మాత్రాన నొప్పి అబద్ధమైపోదు. మాటల ద్వారా చేసే చికిత్స, కటి కండరాలకు ఫిజియోథెరపీ, నొప్పి మందులు, హార్మోన్ మాత్రలు అన్నీ కలిసి సాగవలసినవే. కొందరిలో ఆ హార్మోన్ మాత్రల వల్లే మనసు కుంగుతుంది. అలా అనిపిస్తే మాత్ర సొంతంగా మానేయకుండా డాక్టరుకు చెప్పాలి. మాట్లాడే మనిషి వెంటనే కావాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ నంబరు 14416కి ఏ వేళైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

2001లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు ఈ జబ్బు ఉన్న స్త్రీల కోసమే 30 ప్రశ్నలతో ఒక పట్టిక తయారుచేశారు. రోగుల మాటలనుంచే పుట్టిన ప్రశ్నలవి. నొప్పి ఒక్కటే కాదు, జీవితం చేతిలోంచి జారిపోతున్నట్టుందా, చుట్టూ ఉన్నవాళ్లు అర్థం చేసుకుంటున్నారా, నీ రూపం నీకెలా అనిపిస్తోంది అని కూడా అడుగుతుంది. “ఎంత నొప్పి?” అంటే మన ఆడవాళ్లు “పర్లేదండీ” అనేస్తారు. “ఆ నొప్పి వల్ల ఏం మానేశావమ్మా?” అంటే అసలు సంగతి బయటపడుతుంది.

కిందటి నెల చెల్లి ఆ క్యాలెండర్‌ని మేకు నుంచి తీసి, చుట్ట చుట్టి డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది. ఆవిడ జనవరి నుంచి ఒక్కో కాగితం తిప్పుతూ, ఒక్కో చుక్క మీద వేలు పెట్టి అడిగింది. ఎన్‌ఏడీ దగ్గర బస్సు దిగి, ఎండలో ఫుట్‌పాత్ మీద గంటసేపు ముడుచుకుని కూర్చున్న సంగతి, పక్కనే ఉన్న పిన్ని విన్నది అప్పుడే. ఇంటికొచ్చాక పిన్ని క్యాలెండర్ మళ్లీ తగిలించి, ఆ మేకుకే దారంతో ఒక పెన్సిల్ కట్టింది.