చూడవచ్చిన స్నేహితుడు, దిగివచ్చే కార్టిసాల్

అలిపిరి నుంచి తిరుమలకు 3550 మెట్లు. మోకాళ్ళ పర్వతం దగ్గర ఎంతటివారికైనా ఆయాసం తప్పదు. ఒంటరిగా ఎక్కేవారికీ, పాత స్నేహితుడితో కబుర్లాడుతూ ఎక్కేవారికీ ఆ నిటారుతనం ఒకేలా కనిపిస్తుందా? 2008లో సిమోన్ ష్నాల్ బృందం ఇంచుమించు ఇదే ప్రశ్న వేసింది. కొందరిని ఒక కొండ కింద నిలబెట్టి, అది ఎంత ఏటవాలుగా ఉందో చెప్పమంది. పక్కన స్నేహితుడు ఉన్నవారు తక్కువ చెప్పారు. స్నేహం పాతబడేకొద్దీ కొండ నిటారుతనం తగ్గింది! ఇలాంటి ప్రయోగాల్లో పరిశోధకుల మనసులోని జవాబును పాల్గొన్నవారు పసిగట్టి చెబుతారని విమర్శించినవారూ ఉన్నారు. అందుకే దీన్ని ఒక సూచనగానే తీసుకుంటాను. లాలాజలంలో కొలిచే ఒత్తిడి హార్మోను కార్టిసాల్ మాత్రం ఎవరి మెప్పు కోసమూ మారదు.

రుయా, స్విమ్స్ వంటి తిరుపతి ఆసుపత్రులకు చిత్తూరు, మదనపల్లె వైపు నుంచి కూడా రోగులు వస్తారు. లోపల మంచం మీద ఒకరుంటే, బయట వరండాలో చాప పరుచుకుని ఒకరుంటారు. ఈ రెండోవారి ఒంట్లో ఏం జరుగుతోందో ఏ నర్సూ చార్టులో రాయదు. ప్రమాదం ఉందని మెదడు అనుకోగానే అందులోని హైపోథాలమస్ అనే భాగం పిట్యూటరీ గ్రంథిని కదిలిస్తుంది. అది మూత్రపిండాల పైనున్న అడ్రినల్ గ్రంథులకు కబురు పంపుతుంది. అవి కార్టిసాల్‌ను విడుదల చేస్తాయి. కుక్క వెంటపడినప్పుడు ఈ ఏర్పాటు బాగా పనికొస్తుంది. రోజుల తరబడి సాగితే నిద్ర కరువవుతుంది, రక్తపోటు పెరుగుతుంది, రోగనిరోధక శక్తి తగ్గుతుంది.

అలాంటి సమయంలో చిత్తూరు నుంచి బస్సెక్కి స్నేహితుడు వస్తాడు. స్కానింగ్ రిపోర్టు అతనికీ అర్థం కాదు. "తిన్నావా?" అని అడిగి పక్కన కూర్చుంటాడు. అయినా మనసు తేలికపడుతుంది. ఎందుకు?

2003లో మార్కస్ హైన్రిక్స్ బృందం 37 మంది పురుషులను పరీక్షకుల ముందు ప్రసంగించమని, లెక్కలు చేయమని ఇబ్బంది పెట్టింది. దానికి సిద్ధమయ్యే సమయంలో ప్రాణస్నేహితుడు తోడున్నవారి లాలాజలంలో కార్టిసాల్ పెరుగుదల తక్కువగా కనిపించింది. 2006లో జేమ్స్ కోన్, కరెంటు షాక్ తగులుతుందని భయపడుతున్న 16 మంది వివాహిత మహిళల మెదళ్లను స్కాన్ చేశాడు. భర్త చేయి పట్టుకున్నప్పుడు ప్రమాదానికి స్పందించే భాగాలు బాగా నెమ్మదించాయి. అపరిచితుడి చేయీ కొంత పనిచేసింది గానీ, అంతగా కాదు. దాంపత్యం ఎంత బాగుంటే ఊరట అంత ఎక్కువ.

కోన్ తరువాత చెప్పిన వివరణ నాకు మరీ నచ్చుతుంది. స్నేహితుడు కొత్తగా ఏదో బలం తెచ్చి ఇవ్వడు. మనిషి మెదడు అసలు నలుగురి మధ్య బతకడానికే అమరింది, తోడు ఉండటమే దానికి మామూలు స్థితి. ఒంటరితనంలో అది అన్ని వైపులా తానే కాపలా కాయాలి, ప్రతి పనికీ శ్రమను ఎక్కువగా లెక్కగట్టాలి. మనిషి రాగానే ఆ అదనపు కాపలా తగ్గుతుంది. కొండ నిటారుతనం తగ్గి కనిపించడం నిజమైతే, దాని రహస్యమూ ఇదే కావచ్చు.

రాలేనప్పుడు మెసేజ్ పెడితే చాలదా? లెస్లీ సెల్ట్‌జర్ బృందం ఒత్తిడికి గురైన బాలికలపై చేసిన పరిశోధన 2012లో వెలువడింది. తల్లి గొంతు ఫోనులో విన్నా కార్టిసాల్ తగ్గింది. అక్షరాల్లో పంపిన మాటలకు తగ్గలేదు. వారు పిల్లలు, అవతల ఉన్నది తల్లి. పెద్దవారి స్నేహాలకు దీన్ని నేరుగా అన్వయించలేం. అయినా కుదిరితే ఫోన్ చేయడమే మేలని నా అభిప్రాయం.

వచ్చి ఏం చేయాలన్నది వేరే సంగతి. 2000లో నీల్ బోల్గర్ బృందం, న్యాయవాద పరీక్షకు చదువుతున్నవారి చేతా, వారి భాగస్వాముల చేతా రోజూ డైరీలు రాయించింది. భాగస్వామి సాయం చేసినా, అది చదువుతున్నవారి దృష్టిలో పడని రోజుల్లోనే దిగులు బాగా తగ్గింది. సాయం పొందుతున్నామన్న స్పృహ కూడా ఒక బరువే మరి. ఆ లెక్కన, పెద్ద డాక్టర్లందరూ తనకు తెలుసని గంటసేపు సలహాలిచ్చే స్నేహితుడికంటే, మాటల మధ్యలో లేచి వెళ్లి మందుల షాపు వరుసలో నిలబడి వచ్చేవాడికే నేను ఎక్కువ మార్కులు వేస్తాను.