ఇరవై గజాల దూరంలో అడవి టర్కీ

ఏప్రిల్ మూడో సోమవారం. తెల్లవారడానికి ఇంకా గంట ఉంది. అమెరికాలోని మిస్సోరి రాష్ట్రపు దక్షిణ భాగంలో ఉన్న ఓజార్క్ కొండల్లో, మార్క్ ట్వైన్ నేషనల్ ఫారెస్ట్ లోపల, ఓక్, హికరీ చెట్లు ఒత్తుగా పెరిగిన ఒక గట్టు వాలులో నేనూ, నా ఇద్దరు మిత్రులూ టర్కీ వేటకు విల్లులు పట్టుకుని నల్లగుడ్డ మాటులో కూర్చున్నాము. గుడారంలో చలికి రాత్రి ఎవరికీ సరిగ్గా నిద్ర పట్టలేదు. లోయకు అవతలి చెట్ల మీద నుంచి మొదటి కూత వినిపించగానే ముగ్గురమూ ఊపిరి బిగబట్టాము. గొంతులో గులకరాళ్ళు దొర్లించినట్టు గళగళమంటూ వచ్చే ఆ కూతను ఇక్కడివారు 'గాబుల్' అంటారు. గాలి నిలకడగా ఉన్న వేకువలో అది మైలు దూరం వరకూ వినిపిస్తుంది.

మన పల్లెల్లో పెరళ్ళలో తిరిగే టర్కీ కోళ్ళకు ఇదే మూల జాతి. అయితే పెంపుడు పక్షిని చూసిన కళ్ళతో అడవి పక్షిని ఊహించుకోలేము. అడవి పుంజు ఏడు నుంచి పది కిలోల బరువుంటుంది. అంత బరువుతోనే గంటకు నలభై కిలోమీటర్ల వేగంతో పరుగెత్తగలదు, అవసరమైతే అంతకు రెట్టింపు వేగంతో ఎగరగలదు, చీకటి పడేసరికి ఎత్తైన చెట్టెక్కి కొమ్మ మీద నిద్రపోతుంది. తుపాకీ పట్టినవారు దీన్ని నలభై గజాల నుంచి కొట్టవచ్చు. విల్లు పట్టినవారు ఇరవై గజాల లోపుకి రప్పించుకోవాలి. దూరం సగానికి తగ్గితే కష్టం రెట్టింపు అవుతుందని నేను అనుకునేవాణ్ణి. నిజానికి ఇరవై గజాల దగ్గర ఆట స్వరూపమే మారిపోతుంది. అక్కడ మనిషి బలమూ ఆయుధమూ వెనక్కి పోయి, ఒక పక్షి లోకాన్ని ఎలా చూస్తుంది, ఎలా వింటుంది, దేన్ని నమ్ముతుంది అన్న ప్రశ్నలే మిగులుతాయి.

ముందు చూపు సంగతి. టర్కీ కళ్ళు తలకు ఇరుపక్కలా ఉంటాయి కనుక, తల కదపకుండానే దానికి చుట్టూ దాదాపు 270 డిగ్రీల మేర కనిపిస్తుంది. మెడ కాస్త తిప్పితే వెనకభాగం కూడా దాటిపోదు. మన కంటిలో రంగులను పట్టే శంకుకణాలు మూడు రకాలైతే దాని కంటిలో నాలుగు రకాలు; ఊదారంగు అంచున మనకు చీకటిగా ఉండే కాంతిలో కొంత భాగం కూడా దానికి వెలుగే. రెండు కళ్ళూ ఒకేసారి చూసే మేర తక్కువ కావడం వల్ల దూరాన్ని అంచనా కట్టడానికి అది తలను ముందుకూ వెనక్కూ ఆడిస్తుంది. తల కదిలినప్పుడు దగ్గరి వస్తువులు ఎక్కువగా, దూరపు వస్తువులు తక్కువగా జరిగినట్టు కనిపించడమే దానికి కొలబద్ద. ఇంత గొప్ప కన్ను మసక చీకటిలో మాత్రం దాదాపు పనికిరాదు. రాత్రి చెట్టెక్కడానికీ, బాగా వెలుగొచ్చే వరకు కిందికి దిగకపోవడానికీ కారణం అదే. వాసన పట్టే శక్తి కూడా తక్కువ. కాబట్టి జింకల వేటగాళ్ళలా గాలివాలు గురించి మేము బెంగపడనక్కరలేదు. బెంగంతా కదలిక గురించే.

తుపాకీ ఉన్నవాడు దాన్ని మోకాలి మీద ముందే ఎక్కుపెట్టుకుని, చెట్టుకు ఆనుకుని, వేలు మాత్రం కదిపితే చాలు. విల్లు పట్టినవాడు మాత్రం పక్షి ఎదురుగా ఉన్నప్పుడే చేయి వెనక్కి లాగాలి. అందుకే ఈ మాటు. ఇది నాలుగు వైపులా మూసిన చిన్న గుడారం, లోపలంతా నల్లరంగు, ముందు వైపు ఒక కిటికీ, వెనక మూసి ఉంచాల్సిన మరొకటి. పగటి వెలుగులో నిలబడి చీకటి గదిలోకి తొంగిచూసినప్పుడు మనకేమీ కనిపించనట్టే, ఆ పక్షికీ లోపలి కదలిక అందదు. నిన్న లేని నల్లటి డబ్బా ఇవాళ అడవిలో వెలిసిందే అన్న అనుమానం దానికి సాధారణంగా రాదు. ఆకారాల కంటే కదలికకే దాని మెదడు ఎక్కువ విలువ ఇస్తుందని ఈ ఒక్క విషయంతోనే తెలుసుకోవచ్చు.

ఇక విల్లు. మా చేతుల్లో ఉన్నవి కప్పీలు బిగించిన కాంపౌండ్ విల్లులు. వీటిని కనిపెట్టిన హోలెస్ విల్బర్ ఆలెన్ ఈ మిస్సోరి రాష్ట్రంవాడే. ఆయన 1966లో పేటెంటుకు దరఖాస్తు చేశాడు, 1969లో అది మంజూరైంది. మామూలు విల్లును ఎంత లాగితే అంత బరువెక్కుతుంది. పూర్తిగా లాగిన క్షణంలోనే బరువు అత్యధికంగా ఉంటుంది, చేయి వణికేదీ అప్పుడే. ఆలెన్ విల్లు కొసలకు కేంద్రం పక్కకు జరిగిన కప్పీలను తగిలించాడు. అవి తిరుగుతున్నకొద్దీ నారి పట్టు మారుతుంది. లాగడం మొదలుపెట్టినప్పుడు 27 కిలోల దాకా పెరిగే బరువు, పూర్తిగా లాగాక ఒక్కసారిగా సడలి ఐదారు కిలోలకు పడిపోతుంది. ఖర్చు చేసిన శక్తి ఎక్కడికీ పోలేదు, విల్లు రెక్కల వంపులోనే దాగి ఉంది. వేటగాడు దాన్ని నిమిషం సేపు నిబ్బరంగా పట్టుకుని, పక్షి సరిగ్గా తిరిగే వరకు ఆగగలడు.

అయినా బాణం నెమ్మదైనదే. సెకనుకు 85 మీటర్ల వేగంతో వెళ్ళే బాణానికి ఇరవై గజాలు దాటడానికి సెకనులో అయిదో వంతుకు పైగా పడుతుంది, ఆ లోపల అది జానెడు మేర కిందికి జారుతుంది. వింటినారి చప్పుడు మాత్రం సెకనులో ఇరవయ్యో వంతులోనే పక్షి చెవికి చేరుతుంది. అంటే బాణం రాకముందే వార్త అందుతుంది. గుండె, ఊపిరితిత్తులు కలిసి పిడికిలి కంటే పెద్దగా ఉండని ఈ పక్షి ఆ కాస్త వ్యవధిలో అడుగు వేసినా బాణం చోటు తప్పుతుంది. గాయపడి వెళ్ళిపోయిన పక్షి వేటగాణ్ణి జీవితాంతం బాధిస్తుంది. ఇరవై గజాలన్న హద్దు పట్టింపు కోసం పెట్టుకున్నది కాదు, ఈ లెక్కలోంచి వచ్చింది.

దాన్ని అంత దగ్గరికి ఎలా రప్పించాలి? టర్కీల లోకంలో పుంజు చోటు చూసుకుని కూస్తుంది, పెట్టలే దాని దగ్గరికి నడిచి వస్తాయి. వేటగాడు పెట్ట గొంతుతో పిలిచి, పుంజునే నడిపించాలని చూస్తాడు; ప్రకృతి నడకకు ఇది ఎదురు. దేవదారు పెట్టె మీద చెక్క మూతను రాసి, పలక మీద పుల్లతో గీసి, లేదా నోటిలో అంగిలికి రబ్బరు పొర ఆనించుకుని ఊది పెట్ట పిలుపులను పలికిస్తారు. అవతల పుంజు ఎక్కడుందో తెలుసుకోవడానికి మరొక ఉపాయం ఉంది. వసంతంలో హార్మోన్లు పొంగుతున్న పుంజు పెద్ద చప్పుడు ఏది విన్నా, అది ఉరుమైనా, కాకి అరుపైనా, కారు తలుపు చప్పుడైనా, ఆపుకోలేక గాబుల్ చేస్తుంది. మా మిత్రుడు ముందురోజు సాయంత్రం చారల గుడ్లగూబలా కూసినప్పుడు లోయ అవతలి నుంచి వెంటనే జవాబు వచ్చింది. ఆ చెట్టును గుర్తుపెట్టుకునే మేము ఈ మాటు వేసుకున్నాము.

మాటుకు పది గజాల ముందు ఒక బొమ్మ పెట్టను నిలబెట్టాము. మన వైపు కౌజుల వేటగాళ్ళు పంజరంలో పెంచిన కౌజును పొదల దగ్గర ఉంచి, దాని కూతతో అడవి కౌజులను రప్పించేవారు. ఆ పిట్టను దీమం అంటారు. ఈ బొమ్మ కూడా దీమమే, కాకపోతే ప్రాణం లేనిది. ప్రాణం లేనిదాన్ని పుంజు ఎందుకు నమ్ముతుంది? పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయంలో మార్టిన్ షైన్, ఎడ్గర్ హేల్ అనే శాస్త్రవేత్తలు ఈ ప్రశ్నను అందంగా పరీక్షించారు. నమూనా పెట్టను పుంజుల ముందు పెట్టి, ఒక్కో భాగాన్నీ తీసేస్తూ పోయారు. తోక తీశారు, కాళ్ళు తీశారు, రెక్కలు తీశారు. చివరికి కర్రకు గుచ్చిన తల ఒక్కటే మిగిలినా పుంజులు దాని ముందు పురి విప్పి ఆడాయి. పుంజు మెదడులో పెట్ట అంటే ముఖ్యంగా తల అన్నమాట.

ఆరున్నర దాటాక చెట్ల మీద నుంచి బరువైన రెక్కల చప్పుడు వినిపించింది. పావుగంట తరువాత డాగ్‌వుడ్ తెల్లపూల కింద నుంచి ఒకటి కాదు, రెండు పుంజులు నడిచి వచ్చాయి. రెండూ తోకలు విసనకర్రల్లా విప్పి, రెక్కల కొసలు నేలకు రాస్తూ వస్తున్నాయి. దగ్గరైనకొద్దీ ముందున్న పుంజు తల రంగు మారడం చూశాను. నెత్తి పాలతెలుపు, చెంపలు నీలం, మెడ కింది కండలు ఎరుపు. బొమ్మను చూసిన క్షణంలో ఎరుపు మరింత చిక్కబడింది.

ఈ రంగుల మార్పును మన దేశంలో నాలుగు శతాబ్దాల కిందటే ఒకరు శ్రద్ధగా గమనించారు. 1612లో గోవా నుంచి తెచ్చిన ఒక టర్కీ పుంజును చూసి చక్రవర్తి జహంగీరు, దాని తల ఊసరవెల్లిలా రంగులు మారుస్తోందని తన జ్ఞాపకాలలో రాసుకున్నాడు. ఆస్థాన చిత్రకారుడు మన్సూర్ గీసిన దాని బొమ్మ ఇప్పుడు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. కారణం మాత్రం ఆ పక్షి చర్మంలో ఉంది. అందులో కొల్లాజెన్ అనే ప్రొటీన్ పోగుల కట్టలు రక్తనాళాలతో పెనవేసుకుని ఉంటాయి. నాళాలు ఉబ్బినా కుంచించుకున్నా పోగుల మధ్య ఎడం మారి, కాంతి చెదిరే తీరు మారుతుంది. 2014లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీ శాస్త్రవేత్తలు ఈ అమరికనే ఆదర్శంగా తీసుకుని, గాలిలోని రసాయనాలకు రంగు మారే సెన్సర్లను తయారుచేశారు.

రెండు పుంజులు ఎందుకు కలిసి వచ్చాయన్నది ఇంకా లోతైన ప్రశ్న. వెనక ఉన్నది ఆడుతోందే కాని, ముందుదాన్ని దాటడం లేదు. 2005లో ఆలన్ క్రాకవర్ అనే శాస్త్రవేత్త కాలిఫోర్నియాలోని అడవి టర్కీల డీఎన్ఏ పరీక్షించి, ఇలా జట్టు కట్టే పుంజులు దగ్గరి బంధువులని, చాలావరకు అన్నదమ్ములని తేల్చాడు. జట్టులో ఒక్కటే పెట్టలతో కలుస్తుంది. ఒంటరిగా తిరిగే పుంజుకు సగటున ఒక పిల్ల కూడా దక్కని చోట జట్టు నాయకుడికి దాదాపు ఏడు పిల్లలు కలిగాయి. తమ్ముడికి సొంత పిల్లలు లేవు. కానీ అన్న పిల్లల్లో తనవైన జన్యువులు కూడా ఉన్నాయి కనుక, ఒంటరిగా పోయి సాధించగలిగిన దానికంటే అన్న పక్కన ఆడటమే దాని జన్యువులకు ఎక్కువ లాభం. పరిణామ శాస్త్రంలో సొంత నష్టంతో బంధువులకు మేలు చేయడమనే చిక్కుముడికి ఇంత శుభ్రంగా లెక్క కుదిరిన ఉదాహరణలు ఎక్కువ లేవు.

ఆ ఉదయం నేను తప్పు చేశాను. ముందు పుంజు పద్దెనిమిది గజాల దగ్గర నిలబడి ఉండగా, దాని తల చెట్టు చాటుకు పోయేదాకా ఆగకుండా నారి లాగాను. వెనక కిటికీ మూయడం మరిచిపోయాము; ఆ వెలుగులో నా మోచేయి నీడలా కదిలింది. ఒక్క పొడి 'పుట్' శబ్దం, టర్కీల భాషలో ప్రమాదం. తోకలు ముడుచుకుని, మెడలు పొడవయ్యాయి, రెండూ గట్టు దాటిపోయాయి.

చూసి కొట్టడమే తప్ప కాపాడటం తెలియని వేటవల్ల ఈ పక్షి ఒకప్పుడు అంతరించే దశకు వచ్చింది. అడవులు నరకడం, అమ్మకం కోసం అడ్డూ అదుపూ లేకుండా సాగిన వేట కలిసి 1950ల ఆరంభానికి మిస్సోరిలో టర్కీలు కొద్ది వేలకు పడిపోయాయి. మొదట దొడ్లలో పెంచిన పక్షులను వేలకొద్దీ వదిలారు. అవి బతకలేదు. ఏది తినాలో, ఎవరికి భయపడాలో తల్లి నేర్పకపోతే అడవి టర్కీకి ఆ విద్య రాదు. నిజమైన మలుపు ఒక వలతో వచ్చింది. మిస్సోరిలోని స్వాన్ లేక్ శరణాలయంలో 1940ల చివర నీటిపక్షుల కోసం చిన్న ఫిరంగులతో విసిరే వలను తయారుచేశారు. 1951లో దక్షిణ కరోలినాలో దానితో అడవి టర్కీలను పట్టారు. ఆ తరువాత అడవి పక్షులనే పట్టి, అవి లేని అడవుల్లో వదిలారు. మిస్సోరి 1960లో మూడు రోజుల వేటను అనుమతిస్తే 94 పుంజులు దొరికాయి. ఆనక తమ టర్కీలను కెంటకీకి ఇచ్చి బదులుగా నీటికుక్కలను తెచ్చుకునేంతగా సంఖ్య పెరిగింది. ఈ పనులకు కావలసిన డబ్బులో పెద్ద వాటా 1937 నాటి పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం కింద తుపాకుల మీద, తరువాత విల్లుల మీద కూడా విధించిన పన్ను నుంచే వచ్చింది. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం నీడలో పెరిగిన నాకు వేట అన్న మాటే నేరంలా వినిపించేది. ఇక్కడ అదే మాట పక్షిని తిరిగి తెచ్చిన ఖర్చుల పద్దులో కనిపిస్తుందని అర్థం కావడానికి కొన్నేళ్ళు పట్టింది. అయితే కథ సుఖాంతమైందని చెప్పలేను. 2000 తరువాత దేశమంతటా దాదాపు 70 లక్షలకు చేరిన టర్కీలు మళ్ళీ తగ్గుతున్నాయి. నాయక పుంజులు పెట్టలతో కలవకముందే చనిపోతున్నాయేమోనన్న అనుమానంతో జార్జియా రాష్ట్రం 2022లో వేట కాలాన్ని వెనక్కి జరిపింది.

సాయంత్రం మంట దగ్గర ఒకరి కాళ్ళు ఒకరం దీపం వేసుకుని వెతుక్కున్నాము, పిడుదుల కోసం. వీపు మీద ఒంటి తెల్లచుక్క ఉండే ఇక్కడి పిడుదు కుడితే కొందరికి గొర్రె, పశు, పంది మాంసాలు పడకుండా పోతాయి. తిన్న కొన్ని గంటలకు దద్దుర్లు లేస్తాయి, కొన్నిసార్లు ప్రాణం మీదికి వస్తుంది. క్షీరదాల్లో ఉండి పక్షుల్లో లేని ఆల్ఫా-గాల్ అనే చక్కెర దీనికి మూలం. కోడి, టర్కీ తినడానికి వారికి ఇబ్బంది లేదు.

మూడో ఉదయం రెండు పుంజులూ మళ్ళీ వచ్చాయి. ఈసారి వెనక కిటికీ మూసి ఉంది. ముందు పుంజు బొమ్మ వైపు తిరిగి తోకను విప్పినప్పుడు ఆ తోకే మమ్మల్ని దాని కళ్ళనుంచి దాచింది. మా మిత్రుడు ఆ క్షణంలో నారి లాగాడు. పదిహేను గజాలు. పుంజు నాలుగడుగులు వేసి ఒరిగింది.

గుడారాల దగ్గర దాన్ని శుభ్రం చేస్తూ కందనకాయను కోసి నా అరచేతిలో పెట్టారు. మందమైన ఊదా కండ, లోపల గరుకైన పసుపు పొర, ఆ పొర నడుమ నునుపు తేలిన పదిపదిహేను చెకుముకి రాళ్ళు, సగం నలిగిన ఓక్ గింజ ఒకటి. పళ్ళు లేని పక్షికి ఇదే తిరగలి. పద్దెనిమిదో శతాబ్దంలో ఇటలీ శాస్త్రవేత్త స్పలన్జాని సీసపు గుండ్లకు సూదులు గుచ్చి టర్కీలతో మింగిస్తే, కందనకాయ గాయపడకుండానే ఆ సూదుల మొనలు అరిగిపోయాయి. రాళ్ళను కడిగి జేబులో వేసుకున్నాను. కందనకాయను అల్లం, మిరియాలతో వేయించుకుని ముగ్గురమూ పంచుకున్నాము.

మర్నాడు వేకువన సామాను సర్దుతుండగా లోయ అవతలి నుంచి గాబుల్ వినిపించింది. నిన్నటిదాకా ఒకదాని మీద ఒకటి పడుతూ వినిపించిన రెండు గొంతుల చోట ఒకటే ఉంది. అది మూడుసార్లు కూసి, జవాబు కోసమన్నట్టు ఆగి, మళ్ళీ కూసింది.